జ్వరంతో వెళ్తే ముందు నీళ్ళ గురించి అడిగిన క్లినిక్

ఉష్ణమండల దేశాలకు వెళ్ళొచ్చాక జ్వరం పట్టుకున్నవాళ్ళని చూసే ట్రావెల్ క్లినిక్ ఒకదానికి ఈమధ్య పేషెంటుగా వెళ్ళాను. దాని మీదే ఈ రివ్యూ. క్లినిక్ పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవి ఎన్ని ఉన్నాయో, గట్టిగా అడగవలసినవీ ఉన్నాయి. పైగా ఇలాంటి క్లినిక్‌లు చాలా చోట్ల ఉన్నాయి. మీకు దగ్గర్లో ఉన్నదానికి వెళ్ళినప్పుడు ఏం చూసుకోవాలో, ఏం అడగాలో ఇందులో దొరికితే నాకు చాలు. జబ్బు పట్టుకోవడం, ఆలస్యం లేకుండా మందు మొదలుపెట్టడం, ఆ తర్వాత వదిలెయ్యకుండా చూసుకోవడం, ఈ మూడింటిలో వాళ్ళకి పూర్తి మార్కులు. అపాయింట్‌మెంట్ పద్ధతికీ, ప్రయాణానికి ముందు ఇచ్చే సలహాలకీ మాత్రం అంత ఇవ్వలేను.

నేను పక్షుల ఫొటోలు తీస్తాను. బోర్నియో దీవిలో మలేసియాకి చెందిన సబా రాష్ట్రం ఉంది. అక్కడ కినబటాంగన్ నది ఒడ్డు అడవుల్లో హార్న్‌బిల్ పక్షుల కోసం మా తమ్ముడూ నేనూ ఒక చిన్న గ్రూపుతో వెళ్ళాం. వానలకి నది పొంగి అడవి దారుల్లోకి వచ్చేసింది. ట్రైపాడ్ కాళ్ళు బురదలో దిగేసుకుని, మోకాళ్ళు దాటిన నీళ్ళలో గంటలకొద్దీ నిలబడ్డాం. రబ్బరు బూట్లలోకి పైనుంచి నీళ్ళు దిగేవి. పేము తీగల ముళ్ళు ముంజేతులు గీరేసేవి. జలగ వదిలేశాక కూడా కాటు దగ్గర నెత్తురు చాలాసేపు కారుతూనే ఉండేది, సాయంత్రం సాక్సు విప్పితే చీలమండ దగ్గర ఎండి అట్టకట్టి ఉండేది. తాగింది మాత్రం సీలు తీయని సీసా నీళ్ళే. దోమల మందు పూసుకున్నాం, దోమతెరలో పడుకున్నాం. వెళ్ళేముందు మాకు చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించాం.

తిరిగొచ్చి వారం దాటాక ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి చలి పుట్టింది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయే జ్వరం, నుదురు పగిలిపోయే తలనొప్పి. దగ్గర్లోని ఆస్పత్రిలో మలేరియాకీ డెంగీకీ పరీక్ష చేసి, రెండూ నెగటివ్ అని చెప్పి, వైరల్ ఫీవర్ అని పారాసిటమాల్ రాసి పంపారు. జ్వరం తగ్గలేదు. మరో రెండు మూడు రోజులకి పిక్కలు ముట్టుకుంటే ఓర్చుకోలేనంత నొప్పి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగడం, కళ్ళు ఎర్రగా అయిపోవడం. "అక్కా, ఇది మామూలు జ్వరంలా లేదు. మనం ఎక్కడ తిరిగొచ్చామో తెలిసినవాళ్ళకే చూపిద్దాం పద" అని తమ్ముడు పట్టుబట్టాడు.

మొదటి ఫిర్యాదు ఇక్కడే. ఆ క్లినిక్ వెబ్‌సైట్‌లో అపాయింట్‌మెంట్ కోసం ఫారం నింపితే మూడు ఆప్షన్లు వచ్చాయి: టీకాలు, ప్రయాణానికి ముందు సలహా, ప్రయాణం తర్వాత సంప్రదింపు. మూడోది నొక్కితే తర్వాతి వారానికి గానీ ఖాళీ లేదని చూపించింది. తమ్ముడు ఫోన్ చేసి చాలాసేపు లైన్లో వేచి ఉన్నాక గానీ అసలు సంగతి తెలియలేదు. జ్వరం ఉన్నవాళ్ళు అపాయింట్‌మెంట్ లేకుండా అదే రోజు నేరుగా రావచ్చట! ఇంత ముఖ్యమైన మాట వెబ్‌సైట్‌లో ఎక్కడా లేదు. ఉష్ణమండలం నుంచి వచ్చినవాళ్ళకి జ్వరం అంటే, మరోటి తేలేదాకా మలేరియాగానే చూడాలి. మలేరియాలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఫాల్సిపేరం రకమైతే గంటలు కూడా విలువైనవే. అలాంటి రోగిని వారం తర్వాత రమ్మనే ఫారం ప్రమాదకరమైనది. ఈ ఒక్కటి వాళ్ళు వెంటనే సరిచెయ్యాలి.

లోపలికి వెళ్ళాక మాత్రం అంతా వేరు.

రక్తం తీసుకున్నాకే కుర్చీలో కూర్చోబెట్టారు. మలేరియా పరీక్ష అయిపోయిందని రిపోర్టు చూపించాను. డాక్టరు గారు చూసి పక్కన పెట్టారు. "ఒక్క నెగటివ్ చూసి మలేరియా లేదనుకోం. గంటల తేడాతో మళ్ళీ మళ్ళీ చూస్తాం" అన్నారు. ఆ తర్వాత నా చేతికి అట్టకి క్లిప్ పెట్టిన ఒక కాగితం ఇచ్చారు. నా దృష్టిలో ఆ క్లినిక్‌లో అన్నిటికన్నా విలువైన వస్తువు ఆ కాగితమే.

ఒక వైపు దేశాలు, తేదీలు, టీకాలు, వేసుకున్న మాత్రలు, దోమకాట్లు, తిన్నవి, తాగినవి. ఇవి ఎవరైనా అడుగుతారు. రెండో వైపు మొత్తం నీళ్ళు, జంతువులు. నది, చెరువు, జలపాతం, గుహలోని మడుగు, వరద నీరు, బురద, వరి మడి అని ఒక్కోదానికీ ఒక్కో వరుస. ప్రతి వరుసలోనూ కొన్ని గడులు. ఒంటి మీద ఎంతవరకు తడిసింది, పాదాలా, మోకాళ్ళా, నడుమా, తల మునిగిందా? నీళ్ళు కంట్లోకి, ముక్కులోకి, నోట్లోకి పోయాయా? అప్పుడు ఒంటి మీద గాటు, గీరుడు, పుండు, జలగకాటు, బూటు కరిచిన బొబ్బ ఏదైనా ఉందా? ముందురోజు వాన పడిందా? చివరిసారి ఆ నీళ్ళు తగిలిన తేదీ ఏది? కింద ఇంకో గడిలో ఎలుకలు, గబ్బిలాలు, పశువులు, పందులు, కుక్కలు, కోతులు: దగ్గర్లో ఉన్నాయా, తాకారా, కరిచాయా? ఎడమ చేతితో తల పట్టుకుని కుడి చేతితో అవన్నీ నింపుతుంటే నర్సు వచ్చి పక్కన కూర్చుని, "మీరు చెప్పండి మేడమ్, నేను రాస్తాను" అంది. ఆ ఓపిక నాకు ఇంకా గుర్తుంది.

డాక్టరు గారి మొదటి ప్రశ్నే అందరిలా లేదు. "తాగిన నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం. తాకిన నీళ్ళ గురించి చెప్పండి" అన్నారు.

నేను చెప్పడం మొదలుపెట్టాక ఆవిడ ఎక్కడా తొందరపడలేదు. టార్చి వేసి నా కింది రెప్ప లాగి చూశారు. కన్నంతా ఎర్రగా ఉంది గానీ పుసి లేదు, జిగురు లేదు, దురద లేదు. పిక్కని రెండు వేళ్ళతో మెల్లగా నొక్కితే కెవ్వుమన్నాను. మెడ వంచి చూశారు, ఊపిరితిత్తులు విన్నారు, కళ్ళలో పచ్చదనం కోసం వెలుతురులోకి తిప్పి చూశారు. మూత్రం ఎంత వస్తోందని రెండుసార్లు అడిగారు. అప్పుడు చెప్పారు, తన అనుమానం లెప్టోస్పైరోసిస్ మీద అని. ఎలుక జ్వరం అని మనవాళ్ళు అనేది ఇదే.

ఆవిడ వివరించిన తీరు బాగుంది కాబట్టి నాకు అర్థమైనది రాస్తాను. లెప్టోస్పైరా అనేది మెలితిరిగిన సన్నటి బ్యాక్టీరియా. ఎలుకల కిడ్నీల్లో కాపురం పెడుతుంది, ఎలుకకి మాత్రం ఏ జబ్బూ చెయ్యదు. మూత్రంతోపాటు బయటికి వస్తూనే ఉంటుంది. పశువులు, పందులు, కుక్కలు, అడవి జంతువులు కూడా మోస్తాయి. వాన పడినప్పుడు నేల మీది మూత్రమంతా కడుక్కుపోయి వాగుల్లో, నదుల్లో కలుస్తుంది. వెచ్చటి తడి నేలలో, ఉప్పు లేని నీళ్ళలో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి బతుకుతుంది. ఆ నీళ్ళలో మనం దిగితే చర్మం మీది గీరుళ్ళలోంచి, కళ్ళలోంచి, ముక్కులోంచి, నోట్లోంచి లోపలికి వెళ్తుంది. అందుకే సీలు సీసా నీళ్ళు తాగినంత మాత్రాన దీన్నుంచి రక్షణ లేదు. నీళ్ళు తగిలిన రోజు నుంచి రెండు రోజులు మొదలు ముప్ఫై రోజుల లోపు ఎప్పుడైనా జ్వరం మొదలవ్వచ్చు. ఎక్కువమందికి అయిదు నుంచి పద్నాలుగు రోజుల మధ్య. అంటే జ్వరం వచ్చేసరికి చాలామంది ఇంటికి చేరిపోయి, మామూలు పనుల్లో పడిపోయి ఉంటారు. ఎప్పుడో దాటిన ఆ నీళ్ళని డాక్టరు అడక్కపోతే రోగి తనంతట తాను చెప్పడు.

ఎక్కువ కేసులు మందుతో తగ్గిపోతాయి, కొన్ని మందు లేకుండానే తగ్గుతాయి. కొన్ని మాత్రం ముదురుతాయి: పచ్చకామెర్లు, కిడ్నీలు పనిచెయ్యకపోవడం, రక్తస్రావం. హైడెల్‌బర్గ్‌లో పనిచేసిన జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వైల్ 1886లో వర్ణించింది ఈ తీవ్ర రూపాన్నే, ఆయన పేరుమీదే దాన్ని వైల్స్ డిసీజ్ అంటారు. దానికి కారణమైన క్రిమిని జపాన్‌లో ఇనాడా, ఆయన సహచరులు 1915 ప్రాంతంలో గుర్తించారు. అన్నిటికన్నా భయపెట్టేది ఊపిరితిత్తుల్లో రక్తస్రావం, అది చాలా వేగంగా ప్రాణం మీదికి తెస్తుంది. ప్రపంచం మొత్తం మీద ఏటా పది లక్షలకు పైగా కేసులు, దాదాపు 59 వేల మరణాలు ఉంటాయని 2015లో వచ్చిన ఒక అంచనా. పొలాల్లో, మురుగులో, వరదల్లో రోజూ తడిసేవాళ్ళే అందులో ఎక్కువ. మాలాంటి పర్యాటకులు ఆ లెక్కలో చాలా చిన్న భాగం. ఆ మాట మర్చిపోకూడదు.

పరీక్షల విషయంలో వాళ్ళ పని నాకు బాగా నచ్చింది. రక్తం, మూత్రం రెండూ తీసుకున్నారు. మొదటి వారంలో బ్యాక్టీరియా రక్తంలో ఉంటుంది కాబట్టి దాని జన్యుపదార్థం కోసం రక్తంతో పీసీఆర్. యాంటీబాడీలు కనబడడానికి అయిదారు రోజులైనా పడుతుంది కాబట్టి ఇప్పుడు ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్ష నెగటివ్ వచ్చినా జబ్బు లేదనడానికి వీల్లేదని ముందే చెప్పారు. రెండు వారాల తర్వాత మళ్ళీ రక్తం తీసి, రెండు శాంపిళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తారట. మ్యాట్ అనే పరీక్షలో రెండోదాంట్లో యాంటీబాడీ మోతాదు నాలుగు రెట్లో అంతకన్నా ఎక్కువో పెరిగితే జబ్బు ఖాయం. ఈ పరీక్షకి బతికున్న లెప్టోస్పైరాలని ల్యాబులో పెంచి ఉంచాలి, అందుకే ప్రతి ల్యాబూ చెయ్యలేదు, పెద్ద రిఫరెన్స్ ల్యాబుకి పంపాలి. ఆ రోజు వచ్చిన ఫలితాల్లో ప్లేట్‌లెట్లు కొంచెం తక్కువ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం ఎక్కువ, మూత్రంలో ప్రొటీన్, కండరాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే సీపీకే బాగా ఎక్కువ. మలేరియా మళ్ళీ నెగటివ్.

రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టారు. లెప్టో అనుమానం బలంగా ఉంటే ఆగకూడదు, ఎంత ముందుగా ఇస్తే అంత ప్రయోజనం. జబ్బు ముదరని నాలాంటివాళ్ళకి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, వారం పాటు. ముదిరినవాళ్ళకి ఆస్పత్రిలో చేర్చుకుని నరంలోకి పెన్సిలిన్ లేదా సెఫ్ట్రియాక్సోన్ ఎక్కిస్తారు. గర్భం ఉందేమోనని అడిగాకే డాక్సీ రాశారు. నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, లేకపోతే మాత్ర అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది. ఎండ కూడా తగలకూడదు, చర్మం తొందరగా కమిలిపోతుంది. నొప్పికి ఐబుప్రోఫెన్ లాంటివి వద్దన్నారు, కిడ్నీలు అప్పటికే ఇబ్బందిలో ఉన్నాయి కాబట్టి.

మొదటి డోసు వాళ్ళ కళ్ళముందే వేయించి, అక్కడే ఒక మంచం మీద పడుకోబెట్టారు. కొన్ని గంటల్లో జ్వరం, వణుకు ఒక్కసారిగా పెరగవచ్చనీ, బ్యాక్టీరియా చచ్చేటప్పుడు ఒళ్ళు అలా స్పందిస్తుందనీ, దానికి యారిష్-హెర్క్స్‌హైమర్ రియాక్షన్ అని పేరనీ ముందే చెప్పి ఉంచారు. చెప్పినట్టే జరిగింది. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నర్సు ఇంకో దుప్పటి కప్పి, అరగంటకోసారి బీపీ చూసింది. ముందే చెప్పకపోయి ఉంటే మందు పడలేదనుకుని మానేసేదాన్ని. చీకటి పడ్డాక ఇంటికి పంపుతూ ఒక కార్డు ఇచ్చారు: కళ్ళు పచ్చబడినా, మూత్రం తగ్గినా, దగ్గులో రక్తం పడినా, ఆయాసం వచ్చినా, మెడ పట్టేసినా, మగతగా అనిపించినా అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి రావాలి. కింద డ్యూటీ డాక్టరు నంబరు. మర్నాడు ఉదయం వాళ్ళే ఫోన్ చేశారు, ఆ తర్వాత కూడా జ్వరం పూర్తిగా పోయేదాకా చేస్తూనే ఉన్నారు. మూడో రోజుకల్లా తలనొప్పి తేలికపడింది. పిక్కల నొప్పి మాత్రం చాలా రోజులు ఉంది.

ఇంకో మంచి పని చేశారు. మా గ్రూపులో ఎవరెవరు ఆ నీళ్ళలో దిగారో అడిగి, వాళ్ళందరికీ పంపమని ఒక చిన్న సందేశం రాసిచ్చారు. ఫలానా తేదీల్లో ఫలానా నది నీళ్ళు తాకారు, ముప్ఫై రోజుల లోపు జ్వరం వస్తే ఈ మెసేజ్ మీ డాక్టరుకి చూపించండి అని. అందులో ఒకావిడకి అప్పటికే జ్వరం. ఆవిడకి కూడా వైరల్ అనే చెప్పి పంపారట. ఈ మెసేజ్ చూపించాక వాళ్ళ డాక్టరు మందు మార్చారు.

ఈ పద్ధతికి వెనక ఒక పెద్ద అనుభవం ఉంది. 2000 ఆగస్టు చివర్లో అదే సబాలో ఎకో-ఛాలెంజ్ అనే సాహస పోటీ జరిగింది. అడవి నడక, కయాకింగ్, గుహలు, నది ఈత అన్నీ ఉన్నాయి. పోటీ అయిపోయి 304 మంది క్రీడాకారులు ఎవరి దేశాలకి వాళ్ళు వెళ్ళిపోయాక జ్వరాలు మొదలయ్యాయి. 1995లో మొదలైన జియోసెంటినెల్ అనే ట్రావెల్ క్లినిక్‌ల నెట్‌వర్క్ ఉండబట్టి, వేర్వేరు దేశాల్లో విడివిడిగా కనబడ్డ కేసులని ఒకచోట చేర్చి చూడడం తేలికైంది. దర్యాప్తు చేసినవాళ్ళు 189 మందితో మాట్లాడగలిగారు. అందులో 80 మందికి లెప్టో లక్షణాలు సరిపోయాయి, 29 మంది ఆస్పత్రిలో చేరారు. ఎవరూ చనిపోలేదు. సెగామా నదిలో ఈదినవాళ్ళకి ముప్పు ఎక్కువని తేలింది. పోటీకి ముందో, పోటీ సమయంలోనో డాక్సీసైక్లిన్ వేసుకున్నవాళ్ళకి కొంత రక్షణ దొరికిందని కూడా తేలింది. మేం తిరిగిన అడవికి ఆ నది మరీ దూరమేం కాదు. కోస్టారికాలో 1996లో తెల్లనీటి రాఫ్టింగ్ చేసినవాళ్ళకీ ఇలాగే వచ్చింది. అంటే ఎవరికీ తెలియని ముప్పేం కాదు ఇది.

అందుకే నా రెండో ఫిర్యాదు మొదటిదానికన్నా పెద్దది. బయల్దేరేముందు మేం వెళ్ళింది ఇదే క్లినిక్‌కి! హెపటైటిస్ ఎ, టైఫాయిడ్, రేబిస్ టీకాల గురించి ఎంతో ఓపిగ్గా మాట్లాడారు. దోమల గురించి, తాగే నీళ్ళ గురించి ఒక పుస్తకమే ఇచ్చారు. వానల్లో నది ఒడ్డున పక్షుల ఫొటోలకి వెళ్తున్నామని స్పష్టంగా చెప్పాం. ఆ నీళ్ళలో దిగితే ఏమవుతుందో ఒక్క ముక్క చెప్పలేదు. జబ్బు పడి వచ్చినవాళ్ళకి ఇచ్చే ఆ రెండువైపుల కాగితం, వెళ్ళబోయేవాళ్ళకి ఎందుకు ఇవ్వరు? గాట్లకి నీళ్ళు చొరని పట్టీ వేసుకోండి, పొంగిన నీళ్ళలో దిగకండి, దిగక తప్పకపోతే పొడుగు బూట్లు వేసుకోండి, తల ముంచకండి, వచ్చాక కడుక్కోండి అని చెప్పడానికి ఎంత సమయం పడుతుంది?

మందు ఊసు కూడా ఎత్తి ఉండొచ్చు. పర్యాటకులకి మామూలుగా వేసే టీకా దీనికి లేదు. కానీ పనామా అడవుల్లో శిక్షణ పొందిన అమెరికా సైనికుల మీద జరిగిన ఒక పరీక్ష 1984లో అచ్చయింది. 940 మందిలో సగంమందికి వారానికి ఒకసారి డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 20 మందికి లెప్టో వచ్చింది, డాక్సీ వేసుకున్నవాళ్ళలో ఒక్కరికి. అందరికీ ఇవ్వమని నేను అనడం లేదు. ఊరు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఆ అవసరం లేదు, డాక్టరుని అడక్కుండా సొంతంగా మొదలుపెట్టే మందు కూడా కాదు. కానీ వరద నీళ్ళలో రోజులకొద్దీ నిలబడబోయేవాళ్ళతో ఆ సంభాషణ జరగాలి. మలేరియా నివారణకి రోజూ వేసుకునే మాత్రల్లో డాక్సీ ఒకటి కాబట్టి, ఆ మాత్ర ఎంచుకునేటప్పుడైనా ఈ మాట రావాలి.

తమ్ముడి సంగతి వేరుగా చెప్పాలి. వాడికి జ్వరం లేదు. నాతోపాటు అదే నీళ్ళలో నిలబడ్డాడు కాబట్టి వాడికీ లెప్టో పరీక్ష చెయ్యమని అడిగాను. లక్షణాలు లేనప్పుడు ఆ పరీక్ష వల్ల ఉపయోగం లేదు, ముప్ఫై రోజులు జ్వరం చూసుకుంటే చాలు అన్నారు. అక్కర్లేని పరీక్ష చెయ్యకపోవడం కూడా మంచి సేవే అని నా అభిప్రాయం. కానీ వాడి కాగితంలో పాత ప్రయాణాల గడిలో ఒక వరుస చూసి డాక్టరు గారు ఆగారు: మలావి సరస్సు, కేప్ మక్లియర్, ఈత. ఆఫ్రికాలోని ఆ సరస్సుకి వాడు వెళ్ళింది అంతకుముందు ఏడాది. వాడు దాన్ని ఎప్పుడో మర్చిపోయాడు.

ఆ సరస్సు అద్దంలా ఉంటుంది, ఇసుక ఒడ్డు, రంగురంగుల చేపలు. ఆ నీళ్ళలోని నత్తల్లోంచి కంటికి కనబడని పిల్ల పురుగులు బయటికొచ్చి ఈదుతూ ఉంటాయి, మనిషి చర్మం తగిలితే నిమిషాల్లో లోపలికి దూరిపోతాయి. గాయం కూడా అక్కర్లేదు. ఈ జబ్బుని షిస్టోసోమియాసిస్ అంటారు, కైరోలో పనిచేస్తూ 1851లో ఆ పురుగుని కనుక్కున్న టెయోడోర్ బిల్‌హార్ట్స్ పేరుతో బిల్‌హార్జియా అని కూడా అంటారు. రక్తనాళాల్లో ఏళ్ళ తరబడి ఉండి గుడ్లు పెడుతుంది, చాలామందికి ఏ బాధా తెలియదు. గుడ్లు ఎక్కడ చేరితే అక్కడ ముప్పు: మూత్రాశయం, పేగులు, కాలేయం, అరుదుగా వెన్నుపాము, మెదడు. 1992లో మలావి సరస్సులో ఈదిన ఇద్దరు అమెరికన్ పీస్ కోర్ వాలంటీర్లకి నాడీవ్యవస్థకే వచ్చింది. దీని రక్తపరీక్ష నీళ్ళు తగిలిన ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత గానీ నమ్మదగినది కాదు. మందు కూడా ఎదగని పురుగుల మీద సరిగా పనిచెయ్యదు, కాబట్టి తొందరపడి వేసుకుంటే లాభం లేదు. తమ్ముడికి ఏడాది దాటింది కాబట్టి వెంటనే చేశారు. మూత్రం శాంపిల్ మాత్రం పొద్దున్నే తెచ్చినది వద్దని, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో కాసేపు మెట్లెక్కి దిగి ఇవ్వమన్నారు. గుడ్లు ఆ వేళలోనే ఎక్కువగా బయటికొస్తాయట. రక్తపరీక్ష పాజిటివ్. ఒంటి బరువుని బట్టి కిలోకి 40 మిల్లీగ్రాముల లెక్కన ప్రాజిక్వాంటెల్ ఒక్కరోజు మందుతో పని అయిపోయింది. నా జ్వరం వల్ల వాడి జబ్బు బయటపడింది!

నా రెండో శాంపిల్ ఫలితం రావడానికి చాలా ఆలస్యమైంది. యాంటీబాడీలు నాలుగు రెట్లు దాటి పెరిగాయి, లెప్టో ఖాయమైంది. కానీ ఈమెయిల్‌లో వచ్చిన రిపోర్టు చూస్తే వరసగా సీరోవార్‌ల (లెప్టోస్పైరాలోని ఉపరకాల) పేర్లు, పక్కన అంకెలు, ఒక్క వాక్యం వివరణ లేదు. మెయిల్ చూసి ఎంత టెన్షన్ పడ్డానో! ఫోన్ చేస్తే చక్కగా చెప్పారు: ఆ అంకెలు నెలల తరబడి ఎక్కువగానే ఉండొచ్చు, జబ్బు ఇంకా ఉందని కాదు, మళ్ళీ మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలు రిపోర్టు కిందే రాస్తే పోయేది. కిడ్నీ పరీక్ష మాత్రం ఇంకోసారి చేసి, క్రియాటినిన్ మామూలుకి వచ్చిందని చూశాకే నన్ను వదిలారు.

మీరు ఇలాంటి క్లినిక్‌కి వెళ్తుంటే కొన్ని మాటలు. ఫోన్‌లో మొదటి వాక్యంలోనే దేశం పేరు, తిరిగొచ్చిన తేదీ, జ్వరం ఉందన్న మాట చెప్పండి. ఫోన్‌లో ఉన్న ఫొటోలు తిరగేస్తే ఏ రోజు ఏ నీళ్ళలో దిగారో తేదీలతో సహా దొరుకుతుంది. నాకు అలాగే దొరికింది, నది ఒడ్డున తీసిన హార్న్‌బిల్ ఫొటోల తేదీలే డాక్టరు గారు రాసుకున్నారు. ఇంతకుముందు వేసుకున్న యాంటీబయాటిక్ ఏదైనా ఉంటే దాని పేరు పట్టుకెళ్ళండి, పరీక్ష ఫలితం దాన్నిబట్టి మారుతుంది. వాళ్ళు నీళ్ళ గురించి అడక్కపోతే మీరే ఎత్తండి.

చివరి విజిట్‌లో ఆ రెండువైపుల కాగితాన్ని ప్రయాణానికి ముందు వచ్చేవాళ్ళకి కూడా ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాను. మాట్లాడి చూస్తామన్నారు. జ్వరం ఉంటే అదే రోజు రావచ్చన్న వాక్యం ఇప్పుడు వెబ్‌సైట్ మొదటి పేజీలో కనబడుతోంది, అందుకు వాళ్ళకి కృతజ్ఞతలు. కాగితం మాత్రం ఇంకా జబ్బు పడి వచ్చినవాళ్ళకే ఇస్తున్నారు. కాబట్టి ప్రస్తుతానికి అయిదుకి నాలుగు స్టార్లు.